తెగులు లేని చోటును కూడా చూపిన పటం

సోయాచిక్కుడు తుప్పు తెగులు 2004 నవంబరులో అమెరికా ప్రధాన భూభాగంలో మొదటిసారిగా లూసియానా రాష్ట్రంలోని ఒక పరిశోధన క్షేత్రంలో బయటపడింది. దీనికి కారణం ఫాకోప్సోరా పాకిరైజి అనే శిలీంద్రం. ఆ సెప్టెంబరులో వచ్చిన ఐవాన్ తుఫాను గాలులు దక్షిణ అమెరికా నుండి సిద్ధబీజాలను మోసుకొచ్చి ఉంటాయని శాస్త్రవేత్తలు భావించారు. అప్పటికి కోతలు దాదాపు ముగియడంతో ఆ ఏడు పంటకు ముప్పు తప్పింది. మరుసటి ఏడాది సంగతే ప్రశ్నార్థకమైంది. తెగులు వస్తుందో రాదో తెలియని రైతు ముందుజాగ్రత్తగా శిలీంద్రనాశిని పిచికారీ చేస్తే ఖర్చు వృథా కావచ్చు. చేయకపోతే పంటే పోవచ్చు.

2005 పంటకాలానికి అమెరికా వ్యవసాయ శాఖ, రాష్ట్రాలు, విశ్వవిద్యాలయాలు, సోయా రైతుల సంఘాలు కలిసి నిఘా వ్యవస్థను సిద్ధం చేశాయి. రైతుల పొలాలకన్నా ముందుగా విత్తిన చిన్న నిఘా మడులు దీనికి ఆధారం. వీటిలో పైరు ముందే పూతకు వస్తుంది గనుక తెగులు కూడా ముందుగా ఇక్కడే కనిపించాలి. చలికాలంలో శిలీంద్రానికి ఆశ్రయమిచ్చే కుడ్జు తీగనూ పరిశీలించారు. సేకరించిన ఆకుల అడుగుభాగంలో పొక్కుల కోసం వెదికి, ఫలితాన్ని అంతర్జాలంలోని పటంలో నమోదు చేసేవారు. రైతు తన రాష్ట్రాన్ని ఎంచుకుంటే అక్కడి విస్తరణ నిపుణుడు రాసిన వ్యాఖ్య, పిచికారీ అవసరమా కాదా అన్న సలహా కనిపించేవి.

ఆ పటంలో తెగులు నిర్ధారణ అయిన కౌంటీ ఎరుపు. పరిశీలించినా తెగులు కనిపించని కౌంటీ ఆకుపచ్చ. ఎవరూ చూడని కౌంటీకి రంగే లేదు. ఈ మూడో తేడాయే పటానికి ప్రాణం. 2020లో కోవిడ్ వేళ ప్రపంచమంతా చూసిన ఎర్ర వలయాల పటాల్లో ఖాళీగా ఉన్న ప్రాంతంలో రోగం లేదో, పరీక్షలే జరగలేదో చూపరికి తెలిసేది కాదు. సోయా పటంలో ఆ సందేహానికి తావు లేదు. ఉత్తరాది రాష్ట్రాల రైతుకు ఎరుపు ఎంత దూరంలో ఉందన్నది ఒక సమాచారమైతే, తన చుట్టూ ఆకుపచ్చ ఉందన్నది అంతకన్నా విలువైన సమాచారం. పిచికారీ మానుకునే ధైర్యం దానివల్లే వచ్చింది.

ఆ ఏడాది తెగులు ప్రధానంగా ఆగ్నేయ రాష్ట్రాలకే పరిమితమైంది. ఈ సమాచారం వల్ల 2005లో రైతులకు కలిగిన మేలు విలువ 1.1 కోట్ల నుండి 29.9 కోట్ల డాలర్ల వరకు ఉండవచ్చని వ్యవసాయ శాఖ ఆర్థిక పరిశోధకులు లెక్కగట్టారు. అంచనాలో ఇంత అంతరం ఎందుకు? సమాచారం ఎంత నమ్మదగినదన్న దానిపైనే విలువ ఎక్కువగా ఆధారపడింది. తెర మీది రంగుల ఆకర్షణకు ఈ లెక్కలో చోటు లేదు.

మన దేశంలో కేంద్ర వ్యవసాయ శాఖ 2024 ఆగస్టులో జాతీయ చీడపీడల నిఘా వ్యవస్థను ప్రారంభించింది. రైతు ఫోనులో తీసిన ఫొటో ఆధారంగా చీడపీడలను గుర్తించే సౌకర్యం ఇందులో ఉంది. ఇది మెచ్చదగినదే. అయితే ఆకు మాడితేనే రైతు ఫోను తీస్తాడు. పచ్చగా ఉన్న మడిని ఎవరూ ఫొటో తీయరు. ఏరువాక కేంద్రాల శాస్త్రవేత్తలను కూడా ఫిర్యాదు వచ్చిన ఊరే ముందుగా పిలుస్తుంది. ఇలా పోగైన నమోదులనే పటంగా గీస్తే, తెగులు తీవ్రంగా ఉన్న మండలానికీ, ఫోన్లు ఎక్కువగా వాడే మండలానికీ తేడా తెలియదు. ఏ ఫిర్యాదూ రాని మండలం భద్రంగా ఉందనుకొని విస్తరణ సిబ్బంది అటు వెళ్లకపోతే, తెగులు ముదిరాకే అక్కడినుండి కబురు వస్తుంది.

దీనికి కొత్త సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. మండలానికి కొన్ని స్థిర మళ్లను ఎంచుకొని, వారానికొకసారి వరిలో అగ్గితెగులు కోసమో, వేరుశనగలో తుప్పు కోసమో చూసి రావాలి. తేదీ, రకం, పైరు దశ, పరిశీలించిన మొక్కల సంఖ్య, తెగులు సోకిన మొక్కల సంఖ్య రాయాలి. చివరి గడిలో సున్నా వచ్చినప్పుడు చాలామంది ఆ వరుసనే వదిలేస్తారు. సోయా పటంలో ఆకుపచ్చ రంగు పడింది అలాంటి వరుసలతోనే.