వైన్ వ్యాపారం వెనక మనుషులు: నాసిక్ అనుభవం

మన ఊళ్లలో మద్యం దుకాణం బోర్డు మీద "వైన్స్" అని రాసి ఉంటుంది. లోపల అరల నిండా బ్రాందీ, విస్కీ, బీరు సీసాలుంటాయి. అసలు వైన్ ఏ మూలనో రెండు మూడు సీసాలు కనిపిస్తే గొప్ప. ఈ పాఠంలో మనం మాట్లాడుకునేది ఆ మూలనున్న సీసా గురించి. దాన్ని మన దేశంలో ఎవరు తయారుచేశారు, ఏ పట్టుదలతో చేశారు, ఆ పట్టుదలకు డబ్బు ఎవరు పెట్టారు, నష్టం ఎవరు మోశారు అన్నవి మన ప్రశ్నలు. తాగమని చెప్పడానికో, తాగవద్దని చెప్పడానికో ఈ పాఠం రాయలేదు.

వైన్ అంటే పులిసిన ద్రాక్షరసం. రసంలోని చక్కెరను ఈస్టు అనే సూక్ష్మజీవి ఆల్కహాలుగా మారుస్తుంది. అందులో ఆల్కహాలు సాధారణంగా 12 నుంచి 14 శాతం. విస్కీ, బ్రాందీలను పులియబెట్టిన తర్వాత మరిగించి ఆవిరి పడతారు కాబట్టి మన దేశంలో అమ్మే సీసాల మీద 42.8 శాతం అని కనిపిస్తుంది. వ్యాపారశాస్త్ర విద్యార్థికి ఇంతకన్నా ముఖ్యమైన తేడా మరొకటుంది. మన దేశంలో విస్కీకి కావలసిన స్పిరిట్‌ను ధాన్యంతోనో, చక్కెర మిల్లు మడ్డితోనో ఏడాది పొడవునా తయారుచేసుకోవచ్చు. వైన్‌కు ఆ వీలు లేదు. ద్రాక్ష పండినప్పుడే, ఏడాదికి ఒక్కసారే. అందుకని వైన్ వ్యాపారం సగానికి పైగా వ్యవసాయమే.

ఒక సీసా, అయిదేళ్ల లెక్క

ఐరోపాలో చలికాలం రాగానే ద్రాక్షతీగ ఆకులు రాల్చి నిద్రపోతుంది. మన దగ్గర దానికి నిద్ర లేదు. వదిలేస్తే ఏడాదంతా ఏదో ఒక చిగురు వేస్తూనే ఉంటుంది. కాబట్టి రుతువును కత్తెరతో తెప్పించాలి. మహారాష్ట్ర రైతు ఏడాదికి రెండుసార్లు తీగను కత్తిరిస్తాడు. ఏప్రిల్ ప్రాంతంలో చేసే కత్తిరింపు కొత్త కొమ్మల కోసం. వానలు తగ్గాక సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో చేసేది గుత్తుల కోసం. కోత జనవరి నుంచి మార్చి దాకా సాగుతుంది. నాసిక్ ప్రాంతం సముద్రమట్టానికి సుమారు 600 మీటర్ల ఎత్తున ఉండటం వల్ల ఆ నెలల్లో పగలు ఎండ, రాత్రి చలి. ఈ తేడా వల్ల పండులో తీపి పెరుగుతూనే పులుపు నిలుస్తుంది. వైన్‌కు ఆ రెండూ కావాలి.

తీగ నాటాక మొదటి చెప్పుకోదగ్గ పంట చేతికి రావడానికి రెండు మూడేళ్లు పడుతుంది. తెల్ల వైన్ కోత అయిన కొన్ని నెలలకే సీసాలోకి వస్తుంది. మంచి ఎర్ర వైన్ ఓక్ చెక్క పీపాలో ఏడాదో, అంతకన్నా ఎక్కువో ఉండాలి. ఆ తర్వాత అనుమతులు, పన్నులు, టోకు వ్యాపారి, అతను డబ్బు తిరిగిచ్చే గడువు. అన్నీ కలుపుకుంటే భూమి మీద పెట్టిన మొదటి రూపాయి వెనక్కి రావడానికి నాలుగయిదేళ్లు.

ఇక తోట కాపుకొచ్చాక పరిస్థితి ఏమిటో ఒక ఊహాత్మక లెక్కతో చూద్దాం. కాగితం తీసుకుని మీరూ వేయండి. ఒక వైనరీ ఏటా 100 టన్నుల ద్రాక్ష కొంటుందనుకోండి. కిలో 50 రూపాయలు అనుకుంటే రైతులకు 50 లక్షలు చెల్లించాలి, అదీ మూడు నెలల్లోనే. సీసాకు కిలోం పావు పండు చొప్పున 80,000 సీసాలు వస్తాయి. ఇవి అమ్ముడుపోవడానికి 18 నెలలు పడితే, 12 నెలలు తిరిగేసరికి మూడింట రెండు వంతులే ఖాళీ అవుతాయి. దాదాపు 27,000 సీసాల సరుకు ట్యాంకుల్లో ఉండగానే తర్వాతి పంట ట్రాక్టర్లు గేటు ముందు నిలబడతాయి. మళ్లీ 50 లక్షలు కావాలి, ఖాళీ ట్యాంకులు కూడా కావాలి. నిర్వహణ మూలధనం అంటే ఏమిటో పుస్తకంలోని నిర్వచనం కన్నా ఈ గేటు ముందు దృశ్యం బాగా చెబుతుంది.

రైతు వైపు నుంచి

గేటు అవతల నిలబడినవాడి సంగతి చూడండి. మనం తినే ద్రాక్ష, నాసిక్ నుంచి వచ్చే థామ్సన్ సీడ్‌లెస్ అయినా, ఒకప్పుడు హైదరాబాద్ చుట్టుపక్కల తోటల్లో పేరుపొందిన అనాబ్-ఇ-షాహీ అయినా, ఎవరికైనా అమ్మవచ్చు. మార్కెట్‌కు తోలవచ్చు, ఎగుమతిదారుకు ఇవ్వవచ్చు, ధర పడిపోతే కొన్ని రకాలను ఎండబెట్టి కిస్‌మిస్ చేయవచ్చు. వైన్ ద్రాక్ష అలా కాదు. షిరాజ్, కాబర్నే సోవిన్యోఁ, షెనిన్ బ్లాంక్ వంటి రకాలు చిన్నగా, మందపు తోలుతో, గింజలతో ఉంటాయి. బజారులో బండి మీద పెడితే కొనేవాడుండడు. పైగా నాణ్యత కోసం దిగుబడిని కావాలనే తగ్గించి పండించాలి. కాబట్టి ఆ తోట వేసిన రైతుకు కొనుగోలుదారు వైనరీ ఒక్కటే. అర్థశాస్త్రంలో దీన్ని కొనుగోలు ఏకస్వామ్యం అంటాం. రైతు ఒప్పంద పత్రం మీద సంతకం పెట్టేటప్పుడు ధర చూస్తాడు. నిజానికి ముందుగా చూడవలసింది ఎదుటివాడి ఓపిక, అతని బ్యాంకు ఖాతా.

ముగ్గురు వ్యవస్థాపకులు

మొదటివారు శ్యామ్‌రావ్ చౌగులే. 1980లలో పుణె జిల్లా నారాయణగావ్‌లో షాతో ఇండాజ్ సంస్థను నెలకొల్పి, పైపర్-హైడ్సిక్ అనే ఫ్రెంచి షాంపేన్ సంస్థ సాంకేతిక సహాయంతో నురగ వైన్ తయారుచేయించారు. దేశంలో తాగేవాళ్లు లేరు కాబట్టి విదేశాలకు పంపారు. అక్కడ దాని పేరు ఒమర్ ఖయ్యామ్. భారతదేశం నుంచి నురగ వైన్ అంటే నమ్మని రోజుల్లో అది సామాన్యమైన సాహసం కాదు. తర్వాతి కథ వేరు. 2000 తర్వాత దేశంలో వైన్ అమ్మకాలు వేగంగా పెరుగుతుంటే సంస్థ అప్పులతో విస్తరించింది, బ్రిటన్, ఆస్ట్రేలియాలలో కూడా వ్యాపారాలు కొన్నది. 2008 ఆర్థిక సంక్షోభం తర్వాత ఆ అప్పుల భారం మోయలేక కూలిపోయింది. వ్యవహారం కోర్టు ద్వారా సంస్థను మూసివేసే దాకా వెళ్లింది.

రెండవవారు కన్వల్ గ్రోవర్. ఫ్రాన్స్ నుంచి యంత్రాలు దిగుమతి చేసుకునే వ్యాపారి. పని మీద వెళ్లినప్పుడు అక్కడి వైన్ మీద మనసు పడింది. ఫ్రెంచి నిపుణుడు జార్జ్ వెసెల్‌ను వెంటబెట్టుకుని, ఫ్రెంచి ద్రాక్ష రకాలు మన మట్టిలో ఎక్కడ నిలుస్తాయో ఏళ్ల తరబడి పరీక్షించి, బెంగళూరు దగ్గర నంది కొండల పాదాన తోట వేశారు. 1990ల నడుమ నుంచి బోర్డోకు చెందిన ప్రసిద్ధ సలహాదారు మిషెల్ రోలాఁ ఆ వైన్‌కు మార్గదర్శకుడయ్యారు. అమ్మకం కన్నా ముందు తీగను నమ్మిన మనిషిగా నాకు గ్రోవర్ కనిపిస్తారు. ఆ సంస్థ 2012లో నాసిక్‌కు చెందిన వాలే ద వాఁతో కలిసి గ్రోవర్ జంపా అయింది.

మూడవవారి కథ కొంచెం నెమ్మదిగా చూడాలి. రాజీవ్ సామంత్ అమెరికాలో స్టాన్‌ఫర్డ్‌లో ఇంజినీరింగ్ చదివి, ఒరాకిల్ సంస్థలో పనిచేసి, 1990లలో తిరిగొచ్చారు. నాసిక్ దగ్గర కుటుంబానికి ఉన్న భూమిలో మామిడి, గులాబీ, తినే ద్రాక్ష వంటివి ప్రయత్నించారు. చుట్టూ ఇంత ద్రాక్ష పండుతుంటే ఒక్క వైన్ తోటా ఎందుకు లేదన్న ప్రశ్న ఆయనను కాలిఫోర్నియా వైన్ నిపుణుడు కెర్రీ డామ్‌స్కీ దగ్గరకు తీసుకువెళ్లింది. 1997లో సోవిన్యోఁ బ్లాంక్, షెనిన్ బ్లాంక్ తీగలు నాటారు. 2000లో మొదటి సీసాలు బయటికొచ్చాయి. తల్లి సులభ పేరు మీద సంస్థకు సులా అని పేరు పెట్టారు.

తెల్ల రకాలతో మొదలుపెట్టడాన్ని చాలామంది రుచికి సంబంధించిన నిర్ణయంగా రాస్తారు. వేడి దేశంలో చల్లగా తాగేది, కారం వంటలకు పొసిగేది అని. నిజమే కావచ్చు. కాని నా దృష్టిలో అది అంతకన్నా నగదుకు సంబంధించిన నిర్ణయం. తెల్ల వైన్ పీపాలో పడుకోదు, నెలల్లో డబ్బవుతుంది. రెండవ నిర్ణయం, భూమంతా తానే కొనకుండా రైతులతో దీర్ఘకాల ఒప్పందాలు చేసుకోవడం. మూడవది, 2005లో వైనరీలోనే రుచి చూసే గది తెరవడం. ముంబయి నుంచి వచ్చిన సందర్శకుడు అక్కడే కొంటే మధ్యలో టోకు వ్యాపారి వాటా లేదు, అప్పు గడువు లేదు. ఇందాకటి గేటు లెక్కలోని ఇబ్బందికి ఇవి మూడూ జవాబులే. అభిరుచి అందరికీ ఉన్నది. దానికి నగదు ప్రవాహాన్ని జత చేసినవాడు నిలిచాడు.

2022 డిసెంబరులో సులా షేర్లు ఒక్కొక్కటి 357 రూపాయల ధరతో ప్రజలకు అమ్మకానికి వచ్చాయి. మొత్తం సుమారు 960 కోట్లు. ఇక్కడ ఒక విషయం గమనించండి: ఆ వాటాలన్నీ పాత వాటాదారులు అమ్మినవే, కొత్తగా జారీ చేసినవి కావు. కాబట్టి ఆ డబ్బు సంస్థ తోటల్లోకి రాలేదు, అన్నాళ్లు ఓపిక పట్టిన మదుపరుల చేతికి వెళ్లింది. పబ్లిక్ ఇష్యూ అనగానే సంస్థకు మూలధనం వచ్చిందని పరీక్షలో రాయకండి.

2008 తర్వాత నాసిక్‌లో జరిగింది

మహారాష్ట్ర ప్రభుత్వం 2001లో ద్రాక్ష శుద్ధి పరిశ్రమ విధానం ప్రకటించింది. ఎక్సైజ్ రాయితీ ఇచ్చింది, అనుమతులు సులభం చేసింది, నాసిక్ జిల్లా వించూర్‌లో, సాంగ్లీ జిల్లా పలూస్‌లో వైన్ పార్కులు పెట్టింది. వేళ్ల మీద లెక్కించదగ్గ వైనరీలు ఆ దశాబ్దం ముగిసేసరికి డజన్ల కొద్దీ అయ్యాయి. ద్రాక్ష రైతులు కొందరు తామే వైనరీలు కట్టారు. వైన్ తయారుచేయడం నేర్చుకోవచ్చు. అమ్మడం ఎవరు నేర్పాలి? అప్పట్లో వైన్ తాగేది ఎక్కువగా పెద్ద హోటళ్లలో. 2008 నవంబరు ముంబయి దాడులతో, ప్రపంచ మాంద్యంతో ఆ హోటళ్లు వెలవెలబోయాయి. ట్యాంకులు నిండుగా ఉన్నాయి, కొత్త పంట పండింది. ఒప్పందం ఉన్నా కొననివారు, కొన్నా డబ్బు ఇవ్వనివారు కనిపించారు. చాలామంది రైతులు వైన్ తీగలు పీకేసి మళ్లీ తినే ద్రాక్ష వేసుకున్నారు. మూడేళ్లు పెంచిన తీగను పీకడమంటే ఆ మూడేళ్ల కూలి, నీళ్లు, వడ్డీ అన్నిటినీ వదులుకోవడం. వ్యవస్థాపకుల ఉత్సాహం గురించి ఎన్ని పేజీలు చదివినా ఈ ఒక్క దృశ్యాన్ని పక్కన పెట్టుకుని చదవండి.

ఆ గడ్డు కాలాన్ని దాటి నిలిచినవాటిలో సోలాపూర్ జిల్లా అక్లూజ్‌లోని ఫ్రాటెల్లి ఒకటి. ఇటలీ భాషలో ఆ మాటకు సోదరులని అర్థం. సేఖ్రీ, మోహితే-పాటిల్, ఇటలీకి చెందిన సెక్కీ కుటుంబాల అన్నదమ్ములు 2007లో కలిసి పెట్టారు. భూమి ఒకరిది, అమ్మకం ఒకరిది, నైపుణ్యం ఒకరిది.

వ్యతిరేకించేవారి పట్టుదల

వైన్ వ్యాపారాన్ని మలిచినది ఇష్టపడ్డవారే కాదు. రాజ్యాంగం 47వ అధికరణం మద్యనిషేధం వైపు కృషి చేయమని రాజ్యానికి చెబుతుంది. మద్యం రాష్ట్ర జాబితాలోని అంశం, జీఎస్టీకి బయట ఉంది. కాబట్టి నాసిక్ సీసా హైదరాబాద్ రావాలంటే ఇక్కడి పన్ను, ఇక్కడి లేబుల్ నమోదు, ఇక్కడి ఆబ్కారీ నిబంధనలు వేరే. ఆర్థికంగా చూస్తే మనది ఒక వైన్ మార్కెట్ కాదు, రాష్ట్రానికొక మార్కెట్.

మనకు ఇది కొత్త కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షర దీపం తరగతుల నుంచి లేచిన మహిళలు సారా అంగళ్లు మూయించారు. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి, 1997లో అది సడలింది. వాళ్లు పోరాడింది సారా మీద, కాని ఆ పోరాటం తర్వాత మద్యం మీద ఏ విధానమైనా ఇంటి ఆడవాళ్ల లెక్క చూడకుండా రాయడం కష్టమైంది. 2022 జనవరిలో మహారాష్ట్ర మంత్రివర్గం 1,000 చదరపు అడుగులు దాటిన సూపర్ మార్కెట్లలో వైన్ అమ్మవచ్చని నిర్ణయించింది. రైతుకు మేలని ప్రభుత్వం అన్నది. ప్రతిపక్షం, అన్నా హజారే వంటివారు గట్టిగా వ్యతిరేకించారు. నిర్ణయం అమలు కాలేదు. 2023 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐరోపా విభాగం, ఆరోగ్యానికి సురక్షితమైన మద్యం పరిమాణం అంటూ ఏదీ లేదని ప్రకటించింది. "వైన్ మద్యం కాదు, పండ్ల ఉత్పత్తి" అనే వాదన రైతు ఆదాయం దగ్గర బలంగా ఉంటుంది, ఆరోగ్యం దగ్గర నిలవదు. రెండూ ఒకే సీసాలో ఉన్నాయి.

బయటి పోటీ, మన వాళ్లు

విదేశీ వైన్ మీద మన దిగుమతి సుంకం 150 శాతంగా ఉండేది. నాసిక్ తోటలకు అదే కంచె. 2022 డిసెంబరు 29న అమల్లోకి వచ్చిన ఆస్ట్రేలియా ఒప్పందం ప్రకారం 5 డాలర్లు దాటిన సీసా మీద సుంకం 100 శాతానికి, 15 డాలర్లు దాటితే 75 శాతానికి దిగింది. పదేళ్లలో ఇవి 50కి, 25కి తగ్గుతాయి. చవక సీసాకు కంచె అలాగే ఉంది. ముందుగా పోటీ తగిలేది ఖరీదైన, నాణ్యమైన వైన్ చేసేవారికే.

అటువంటి వారిలో మన తెలుగువారూ ఉన్నారు. హైదరాబాద్‌లోని గ్రాన్యూల్స్ ఇండియా ఔషధ సంస్థకు చెందిన చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ దంపతులు హంపి ప్రాంతపు కొండల్లో తోట వేసి, ఇద్దరి పేర్లూ కలిపి క్రిస్మా అనే వైన్ తెచ్చారు. ఏడు ఖండాల్లోనూ మారథాన్ పరుగులు పూర్తిచేసిన జంట. దూరాల పరుగు తెలిసినవారికి తీగ కోసం ఆగడం కష్టం కాకపోవచ్చు. అయితే మందుల వ్యాపారం వెనక ఉండటం వల్ల వైన్ వెంటనే తిండి పెట్టాల్సిన అవసరం వారికి లేదు; చిన్న వైనరీ కట్టిన నాసిక్ రైతుకు ఆ వెసులుబాటు ఉండదు. ఈ రంగంలో ఉత్పత్తిదారులతో పాటు రుచి చూసి తీర్పు చెప్పేవారు కూడా వృత్తిగా ఎదుగుతున్నారు. లండన్ కేంద్రంగా ఇచ్చే మాస్టర్ ఆఫ్ వైన్ అర్హతను 2016లో సోనల్ హాలండ్ సాధించారు. భారతదేశం నుంచి ఆమె మొదటివారు.

అభ్యాసం

మీ జిల్లాలో కంపెనీతో ఒప్పందం మీద పండే పంట ఒకటి ఎంచుకోండి. విత్తన మొక్కజొన్న, ఆయిల్‌పామ్, దోసకాయ, ఏదైనా సరే. ఒక రైతును కలిసి ఈ మూడు విషయాలు అడిగి రాయండి: ఆ పంటను కంపెనీ కాక ఇంకెవరు కొంటారు? నాటిన నాటి నుంచి డబ్బు చేతికొచ్చే దాకా ఎన్ని నెలలు? కంపెనీ కొనకపోతే ఒప్పంద పత్రంలో ఏమని ఉంది?