కాటన్ రైఫిళ్లు, షోయబుల్లా హత్య: అపోహలు – వాస్తవాలు

హైదరాబాదు సంస్థానం భారత్‌లో కలిసిన సెప్టెంబరు 17 దగ్గరపడిందంటే ఇబ్రహీంపట్నంలో 1948 కబుర్లు మళ్లీ మొదలవుతాయి. ఫ్లెక్సీల మీద, వాట్సాప్ సందేశాల్లో, సభల్లో ఒకే కథ తిరుగుతుంది. పాకిస్తాన్ విమానాల్లో రైఫిళ్లు పంపిందట. అవి నిజాం పక్షాన నిలిచిన సాయుధ దళం రజాకార్ల చేతికి అందాయట. ఆ తుపాకులతోనే ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను చంపారట. ఆ నేరానికే రజాకార్ల నాయకుడు కాశిం రజ్వీ జైలుపాలయ్యాడట. ఆ హత్య చూసి మండిపడే ఢిల్లీ సైన్యాన్ని దింపిందట. వినడానికి అన్నీ అతికినట్టే ఉంటాయి. విడివిడిగా చూస్తే ప్రతి మాటలో కొంత నిజముంది, కలిపి చెప్పినప్పుడే అబద్ధమవుతోంది. ప్రాణం పోతుందని తెలిసీ రాయడం మానని మనిషి కథ ఇది, ఇంత నిర్లక్ష్యంగా చెప్పుకోవడం న్యాయం కాదు.

“రైఫిళ్లు పంపింది పాకిస్తాన్”

ఆయుధాలు తెచ్చింది సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా విమాన చోదకుడు. అనామకుడేమీ కాదు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందే పౌర విమానంలో జర్మనీ మీదుగా ఎగురుతూ రహస్యంగా ఫొటోలు తీసి బ్రిటన్‌కు ఇచ్చినవాడు. యుద్ధం ముగిశాక యూరప్ నిండా రెండు రకాల సరుకు మిగిలిపోయింది: పని లేని విమానాలు, పని లేని తుపాకులు. లాంకాస్టర్ బాంబర్ నమూనా మీద తయారైన లాంకాస్ట్రియన్ రవాణా విమానాలను కాటన్ సంపాదించాడు. యూరప్‌లో ఆయుధాలు కొని, కరాచీని మజిలీ చేసుకుని, 1948 వేసవి చివరి నుంచి సెప్టెంబరు దాకా రాత్రిళ్లు బీదరు, వరంగల్ విమానాశ్రయాల్లో దింపాడు. ఒప్పందం చేసుకున్నది నిజాం ప్రభుత్వం, సొమ్ము హైదరాబాదుది.

నిజాంకు ఈ దారి ఎందుకు పట్టాల్సి వచ్చిందంటే, సంస్థాన సైన్యానికి ఆయుధాలు అంతకుముందు బ్రిటిష్ ఇండియా నుంచే వచ్చేవి. 1947 నవంబరు 29న భారత్‌తో యథాతథ ఒప్పందం మీద సంతకాలైనా, భారత ప్రభుత్వం ఆ సరఫరాను ఆపేసింది. అటు నుంచి రాకపోయేసరికి దొంగదారి వెతుక్కున్నారు. కరాచీలో దిగనివ్వకపోతే కాటన్ పని సాగేది కాదు కాబట్టి పాకిస్తాన్ సాయం లేదనడానికి వీల్లేదు. కానీ సాయం చేయడం వేరు, పంపడం వేరు. తర్వాత లండన్‌లో కాటన్ మీద కేసు నడిచింది. విమానయాన నిబంధనలు ఉల్లంఘించాడని 200 పౌండ్ల జరిమానా వేశారు, అంతే.

ఆ ఆయుధాల్లో పాకిస్తాన్ పాత్ర ఎంతన్న వాదన మన కాలంలో కూడా కోర్టు మెట్లెక్కిందని చాలామందికి తెలియదు. 1948 సెప్టెంబరులో, సంస్థానం కూలిపోయే వేళ, నిజాం ప్రభుత్వ ఖాతా నుంచి 10,07,940 పౌండ్ల 9 షిల్లింగులు లండన్‌లో పాకిస్తాన్ హైకమిషనర్ పేరు మీదికి మారాయి. ఆ సొమ్ము డెబ్బై ఏళ్లు బ్యాంకులో చిక్కుకుపోయి, వడ్డీతో దాదాపు 3.5 కోట్ల పౌండ్లైంది. ఆయుధాలు చేరవేయడానికి అయిన ఖర్చు కింద అది తమకే చెందాలని పాకిస్తాన్ వాదించింది. 2019 అక్టోబరు 2న ఇంగ్లండ్ హైకోర్టు ఆ వాదనను తోసిపుచ్చి, సొమ్ము భారతదేశానికి, నిజాం వారసులకు దక్కుతుందని తీర్పిచ్చింది. “పాకిస్తాన్ పంపిన రైఫిళ్లు” అని చెప్పేవాళ్లు ఈ తీర్పును ఒకసారి చూడాలి.

“ప్రతి రజాకారు చేతిలో విదేశీ రైఫిల్”

రజాకార్లు రెండు లక్షల మంది ఉన్నారని అప్పట్లో లెక్క చెప్పేవారు. వాళ్లలో ఆధునిక తుపాకులు ఉన్నది నాలుగో వంతు మందికేనన్నది తరచూ కనిపించే అంచనా. మిగతా వాళ్ల దగ్గర ఉన్నవి భర్మార్లు, కత్తులు, బరిసెలు.

భర్మార్ అంటే ఈ తరానికి తెలియకపోవచ్చు. గొట్టం మూతి నుంచి మందు పోయాలి, పీచు కుక్కాలి, ఇనుప చువ్వతో దట్టించాలి, పైన గుండ్లు వేసి మళ్లీ కుక్కాలి, ఆ తర్వాతే పేల్చాలి. ఒక్కసారి పేలాక ఇదంతా మళ్లీ మొదటి నుంచి. వాన పడితే మందు తడిసి పనికిరాదు. భారత సైన్యం చేతిలోని త్రీ నాట్ త్రీ రైఫిల్‌లో పది తూటాలు పడతాయి, బోల్టు లాగి ముందుకు తోయడమే పని. ఇంత తేడా ఉంది కాబట్టే 1948 సెప్టెంబరు 13 నుంచి 17 దాకా సాగిన పోరు అంత తొందరగా తేలిపోయింది. సంస్థాన సైన్యంలో కూడా పూర్తి శిక్షణ ఉన్నది ఆరు వేల మందికేనని చెబుతారు.

అలాగని రజాకార్ల దౌర్జన్యాన్ని తక్కువ చేయడం కాదు. నిరాయుధులున్న ఊరి మీద పడటానికి బరిసె చాలు, అగ్గిపెట్టె చాలు. అప్పట్లో ఇబ్రహీంపట్నం నిజాం సొంత ఆదాయపు భూములున్న అత్రాఫ్-ఎ-బల్దా జిల్లాలో ఉండేది, ఇప్పుడు అది ఉన్న రంగారెడ్డి జిల్లా ఏర్పడింది 1978లో. ఇలాంటి ఊళ్ల జనానికి భయం పుట్టించడానికి విమానంలో వచ్చిన రైఫిల్ అక్కర్లేదు.

“ఆ రైఫిళ్లతోనే షోయబుల్లాను చంపారు”

ఇది అన్నిటికన్నా పెద్ద పొరపాటు. షోయబుల్లా వరంగల్ జిల్లావాడు, 1920లో పుట్టాడు. మందుముల నరసింగరావు నడిపిన ‘రయ్యత్’ ఉర్దూ పత్రికలో పనిచేశాడు. ప్రభుత్వం దాన్ని మూయించాక, బూర్గుల రామకృష్ణారావు వంటివారి అండతో ‘ఇమ్రోజ్’ పెట్టాడు. సంస్థానం భారత్‌లో కలవాలని, రజాకార్లను రద్దు చేయాలని ఉర్దూలోనే రాశాడు. రజాకార్లు చదివే భాషలోనే రాశాడు కాబట్టి వాళ్లకు అంత మంట. 1948 ఆగస్టులో ఏడుగురు ముస్లిం ప్రముఖులు ఇదే కోరుతూ ప్రకటన చేస్తే, దాన్ని కూడా తన పత్రికలో అచ్చేశాడు. ఆ రోజుల్లోనే, తమకు వ్యతిరేకంగా రాసే చేతులు నరుకుతామని రజ్వీ సభలో బెదిరించాడని ఆనాటివారు రాసిపెట్టారు.

ఆగస్టు 21 రాత్రి కాచిగూడలోని ఆఫీసులో పని ముగించుకుని బావమరిది ఇస్మాయిల్ ఖాన్‌తో కలిసి ఇంటికి నడిచి వెళ్తున్నాడు. వెనక నుంచి వచ్చినవాళ్లు దగ్గర నుంచి కాల్చారు. పడిపోయాక కత్తితో, రాసే చెయ్యిని నరికారు. అడ్డువచ్చిన ఇస్మాయిల్ చెయ్యి కూడా తెగింది. తెల్లవారకముందే షోయబుల్లా ప్రాణం పోయింది. అప్పటికి ఇరవై ఎనిమిదేళ్లు కూడా నిండలేదు.

రాత్రిపూట వీధిలో వెన్నంటి వచ్చి చేసిన హత్య ఇది. ఇందులో కాటన్ విమానాలకూ యూరప్ రైఫిళ్లకూ చోటే లేదు. రెండూ ఒకే వేసవిలో జరిగాయి కాబట్టి జనం నోట కలిసిపోయాయి.

పెద్ద హత్య జరిగిన ప్రతిచోటా చర్చ తుపాకీ చుట్టూ తిరగడం మామూలే. 1963లో డల్లాస్‌లో కెనెడీని కాల్చిన కార్కానో రైఫిల్ 1940లో ఇటలీలో తయారైంది. యుద్ధం తర్వాత మిగులు సరుకుగా అమెరికా చేరి, పోస్టులో ఇరవై డాలర్ల లోపు ధరకు అమ్ముడుపోయింది. ఇంత చవక తుపాకీతో సాధ్యమా అన్న అనుమానం ఇప్పటికీ నడుస్తూనే ఉంది, పరీక్షల్లో అది సరిగ్గానే పేలినా. గాంధీజీని కాల్చిందీ ఇటలీ బెరెట్టా పిస్తోలే. నాలుగో తూటా ఉందంటూ వేసిన పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2018 మార్చిలో కొట్టేసింది. ఆ రెండు కేసుల్లో తుపాకీ మీదైనా కోర్టులో, కమిషన్‌లో విచారణ జరిగింది. షోయబుల్లా విషయంలో రైఫిల్ కథను అతికించింది పుకారు మాత్రమే.

“ఆ హత్య వల్లే సైన్యం వచ్చింది”

సైన్యం వచ్చింది ఆ హత్య వల్ల కాదు. హైదరాబాదు మీద దాడికి పథకాన్ని భారత సైన్యం దక్షిణ కమాండ్ అధిపతిగా ఉన్న గొడార్డ్ అంతకు నెలల ముందే గీసిపెట్టాడు. యాదృచ్ఛికమో ఏమో, షోయబుల్లా మీద దాడి జరిగిన ఆగస్టు 21నే నిజాం ప్రభుత్వం ఐక్యరాజ్యసమితి భద్రతామండలికి ఫిర్యాదు రాసింది. పోరు ముగిసిన మరునాడు, సెప్టెంబరు 18న సంస్థాన సైన్యాధిపతి ఎల్ ఎడ్రూస్, మేజర్ జనరల్ చౌధురికి లొంగిపోయాడు.

“షోయబుల్లా హత్యకే రజ్వీ జైలుకెళ్లాడు”

రజ్వీ దాదాపు తొమ్మిదేళ్లు జైల్లో ఉన్న మాట నిజం. ఆయనకు శిక్ష పడింది బీబీనగర్ దోపిడీ కేసులో. 1948 జనవరి 10న రజ్వీ, ఆయన మనుషులు బీబీనగర్ స్టేషన్ దగ్గర ఊరి మీద పడి ఇళ్లు దోచారన్నది అభియోగం. ప్రత్యేక ట్రిబ్యునల్ విచారించిన ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మామూలు కోర్టులో కాక ట్రిబ్యునల్‌లో విచారించడం సమానత్వ హక్కుకు విరుద్ధమని వాదించారు. 1953లో ధర్మాసనంలో ఎక్కువమంది న్యాయమూర్తులు ఆ వాదన ఒప్పుకోలేదు. ఏడేళ్ల కఠిన శిక్ష నిలిచింది.

షోయబుల్లా హత్య కేసులోనూ రజ్వీని నిందితుడిగా నిలబెట్టారు. ఆ కేసులో హైకోర్టు ఆయన్ని నిర్దోషిగా వదిలింది. సభలో చేసిన బెదిరింపుకు, రోడ్డు మీద జరిగిన హత్యకు మధ్య ఉన్న సంబంధం జనం మనసులో ఎంత స్పష్టంగా ఉన్నా, కోర్టులో రుజువు కాలేదు. రజ్వీ నైతికంగా నిర్దోషి అని నేను అనను. ఆయన మాటలు ఎలాంటి వాతావరణం తెచ్చిపెట్టాయో ఆనాటి తెలంగాణ అంతా చూసింది. కానీ నైతిక బాధ్యతను కోర్టు శిక్షగా మార్చి చెబితే, రేపు ఎవరైనా తీర్పు కాపీ చూపించి మొత్తం కథనే కొట్టిపారేయొచ్చు. అప్పుడు నష్టపోయేది షోయబుల్లాయే.

రజ్వీ 1957లో విడుదలై కరాచీ వెళ్లిపోయాడు, 1970లో అక్కడే చనిపోయాడు. బీబీనగర్ తీర్పు న్యాయశాస్త్రం చదివే పిల్లలకు ఇప్పటికీ పాఠంగా దొరుకుతుంది. షోయబుల్లా కేసు తీర్పును కూడా తెలుగులోకి తెచ్చి, ఇబ్రహీంపట్నం లైబ్రరీతో సహా ప్రతి మండల గ్రంథాలయంలో పెట్టాలి. సెప్టెంబరు 17న మైకు పట్టుకునేవాళ్లు ముందు దాన్ని చదివి రావాలి.