చెట్టు దగ్గరికే వెళ్ళాలి

గోదావరి పుట్టిన నాసిక్ ప్రాంతంలో సులా ద్రాక్షతోట 1999లో మొదలైంది. 2005లో వాళ్ళు తోటలోనే రుచిశాల తెరిచారు. తోట తిరిగి, పీపాలు చూసి, నాలుగైదు రకాల వైను గుక్కెడు గుక్కెడు రుచి చూసి, నచ్చిన సీసా కొనుక్కుని రావడం ఇప్పుడు మధ్యతరగతి సెలవుల్లో మామూలు సంగతి. హైదరాబాదు నుంచి, విజయవాడ నుంచి కూడా అక్కడికి వెళ్ళేవాళ్ళున్నారు. మరి మన కృష్ణా డెల్టాలో, గుడివాడకు పడమటి దిక్కున ఉన్న పెదపారుపూడి పొలాల్లో, కాలవ గట్ల మీద, ఇటు దివిసీమ దాకా ఉన్న తాటితోపుల్లో ద్రాక్షసారాకు ఏమాత్రం తీసిపోని పానీయం ఒకటి శతాబ్దాలుగా చెట్టుమీదే తయారవుతోంది. దాన్ని చూద్దామని, రుచి చూద్దామని వచ్చే పొరుగూరి మనిషికి కూర్చోడానికి బల్ల లేదు, అడగడానికి మనిషి లేడు, ఆడవాళ్ళు పిల్లలతో వచ్చే వీలు అసలే లేదు. కృష్ణా డెల్టాలో నీరాకి, కల్లుకి మర్యాదైన రుచిశాల కావాలన్నది ఈ వ్యాసం వాదన. అది పట్నంలోనో జాతీయ రహదారి పక్కనో పెడితే కుదరదు. తోపులోనే, గీసే మనిషి చేతిలోనే ఉండాలి. ఆ చోటు విషయంలో రాజీపడితే మిగతాదంతా పాడవుతుందని చెప్పడానికి గట్టి కారణాలున్నాయి.

తాటికల్లు పేదవాడి మత్తు మాత్రమే, దానికి చరిత్రేమిటి అనేవాళ్ళు బందరు చరిత్ర ఒకసారి తిరగెయ్యాలి. గోల్కొండ సుల్తానులకు సముద్రపు వాకిలి మచిలీపట్నం. డచ్చివాళ్ళు 1605లో, ఇంగ్లీషువాళ్ళు 1611లో ఇక్కడ వర్తకశాలలు పెట్టుకున్నారు. పదిహేడో శతాబ్దంలో గోల్కొండ రాజ్యం తిరిగిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే, రాజధానికి ఊరి బయటి నుంచి తోలుతిత్తుల్లో గుర్రాల మీద కల్లు వచ్చేదనీ, దాని మీద పన్ను రాజుగారికి పెద్ద రాబడి అనీ రాసిపెట్టాడు. ఇక 1632లో ఆరుమగం రేవు నుంచి ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ మనిషి ఒకడు పెటపోలిలో ఉన్న తోటివాడికి ఉత్తరం రాశాడు. పెటపోలి అంటే కృష్ణ పాయలకు అవతల ఉన్న నేటి నిజాంపట్నం. ‘పంచ్’ అనే పానీయం పేరు ఇంగ్లీషులో కనిపించే అతిపాత కాగితాల్లో ఆ ఉత్తరం ఒకటి. కల్లు కాచి కూడా తీసే సారా, నిమ్మరసం, చక్కెర, నీళ్ళు, సుగంధ ద్రవ్యం కలిపిన ఆ పానీయం తరవాత లండను విందుల దాకా పోయింది. ఐరోపాలో ఒక పల్లెటూరికి ఇందులో సగం చరిత్ర ఉన్నా గోడమీద పలక వేలాడేది.

చరిత్ర అలా ఉంచి, ముందు పని సంగతి చూడాలి. రుచిశాలకు వచ్చేవాళ్ళకు చూపించాల్సింది అదే. తాటిలో పోతుచెట్టు వేరు, కాయలు కాసే చెట్టు వేరు. రెండూ గీతకు పనికొస్తాయి గానీ గీసే తీరు వేరు. పోతుతాటి గెలల్ని కట్టగా కట్టి, కర్రపట్టుతో నొక్కి, కొద్దిరోజులు మచ్చిక చేసి, అప్పుడు కొసన కోత పెడతారు. ఆ తరవాత పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చెట్టెక్కి కోతను ఆకు మందాన మళ్ళీ చెక్కాలి. చెక్కు మందమైతే గెల సీజను మధ్యలోనే అయిపోతుంది. ఒక పూట తప్పితే కోత ఎండి రసం ఆగిపోతుంది. నడుముకు మోకు, కాళ్ళకు బంధం, వెనక గీతకత్తి, యాభై అరవై అడుగుల ఎత్తు. ఆ ఎత్తులో ఒంటిచేత్తో ఆకు మందం కోత తియ్యాలి. గెల కొసన బొట్టు ఊరి, నిలిచి, లొట్టిలో పడటానికి పట్టే ఆ రెండు క్షణాలు కింద నిలబడి చూసినవాడికి ఈ పానీయం ధర ఎంతుండాలో ఎవరూ చెప్పక్కర్లేదు. లొట్టి లోపలి అంచుకు సున్నం పూస్తే అందులో దిగేది తియ్యటి నీరా. పూయకపోతే దిగుతూ దిగుతూనే పులుపెక్కి కల్లవుతుంది. నీరా కావాలా కల్లు కావాలా అన్నది ఆ వేలెడు సున్నం తేలుస్తుంది.

తాటిరసంలో పది పన్నెండు శాతం దాకా చక్కెర ఉంటుంది. గాలిలో, లొట్టి గోడల్లో ఉన్న ఈస్టు దాన్ని గంటల్లోనే పులియబెడుతుంది. పూట గడిచేసరికి బీరు పాటి మత్తు, మర్నాటికి వెనిగరు పులుపు. వైనుకి కాలం మేలు చేస్తుంది, కల్లుకి కీడు చేస్తుంది. దీన్ని లోపంగా చూడటం మనకు అలవాటైంది. నేను దీన్ని ఈ పానీయపు అసలు గొప్పతనమంటాను. ద్రాక్షతోటకు వెళ్ళకపోయినా వైను సీసా ఇంటికొస్తుంది. కల్లు అలా రాదు. సూర్యోదయం వేళ సున్నపు లొట్టిలోంచి వంచిన నీరా, అప్పుడే దించిన లేతకల్లు, మధ్యాహ్నానికి పులిసిన కల్లు, మూడూ ఒకే చెట్టువి, ఒకే రోజువి, మూడు రుచులు. ద్రాక్షతోటలో ఇంత తేడా చూపించాలంటే ఏళ్ళతరబడి పీపాలు దాచాలి. పెదపారుపూడిలో పుట్టిన రామోజీరావు 1980లో ప్రియా పచ్చళ్ళు మొదలుపెట్టి, ఇంటి జాడీలో ఉండే రుచిని సీసాకెత్తి దేశాలు దాటించారు. ఆవకాయ ఆ ప్రయాణానికి తట్టుకుంటుంది. నీరా తట్టుకోదు. కాబట్టి దానికి వ్యాపారం కావాలంటే సీసాను మనిషి దగ్గరికి పంపే దారి కాకుండా, మనిషిని చెట్టు దగ్గరికి రప్పించే దారి వెతకాలి.

చెట్టుకీ తాగేవాడికీ మధ్య దూరం పెరిగితే ఏమవుతుందో వేరే రాష్ట్రాలు చూపించాయి. కేరళలోని కుట్టనాడు కూడా మన దిగువ డెల్టా లాంటి నీటినేల, వరినేల. అక్కడి కల్లు దుకాణాల్లో చేపలకూరతో భోజనం చెయ్యడం యాత్రికులకు ఒక ముచ్చట. కానీ కేరళ దుకాణాలకు వెళ్ళే కల్లులో పెద్ద భాగం పాలక్కాడ్ జిల్లా చిత్తూరు తోపుల నుంచి వాహనాల్లో వస్తుంది. అంత దూరం వచ్చిన కల్లు మీద కల్తీ అనుమానం అక్కడ ఎప్పుడూ ఉండేదే. హైదరాబాదులో కథ ఇంకా విషాదం. చుట్టూ చెట్లే లేని బస్తీల్లో కల్లు కాంపౌండ్లు నడిచాయి. 2025 జులైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీకల్లు తాగి మనుషులు చనిపోయారు. అందులో మత్తుమందు కలిసిందని పరీక్షల్లో తేలింది. తోపులో కూర్చున్నవాడికి తన గ్లాసులోది ఏ చెట్టుదో కనిపిస్తుంది. కల్తీకి చోటు దొరికేది ఆ చూపు తెగిన దగ్గరే. కల్లంటేనే కల్తీ అన్న భయం ఉన్నవాళ్ళకు నా జవాబు ఇదే: భయం న్యాయమైనదే, దాని మూలం చెట్టులో లేదు, దారిలో ఉంది.

అసలు అభ్యంతరం ఇంకొకటి, దానికి తలవంచి జవాబు చెప్పాలి. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు 1990ల మొదట్లో సారా మీద తిరగబడ్డారు. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం ఆ ఉద్యమం నుంచే వచ్చాయి. సంపూర్ణ నిషేధం 1997లో సడలిపోయింది గానీ ఆ ఆడవాళ్ళు చెప్పింది సడలలేదు: తాగుడు కూలి డబ్బుల్ని, ఒంటిని, ఇంటిని తినేస్తుంది. మరి రుచిశాల పేరుతో తాగుడికి మర్యాద తొడగడం కాదా ఇది? తాడిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారని సామెత ఊరికే పుట్టలేదు. నేను చెప్పే చోటులో మొదటి స్థానం నీరాది, మత్తు లేనిది, పిల్లలు కూడా తాగగలిగేది. కల్లు పెద్దవాళ్ళకు, చిన్న గ్లాసుల్లో, లెక్కగా, మధ్యాహ్నం దాటాక ఆపేసేలా. బయటికి లొట్టి ఇచ్చేది లేదు, అప్పు లేదు. కూలిమనిషి రోజూ వచ్చి మునిగే దుకాణానికీ దీనికీ ఆ నియమాలే గీత. ఆ నియమాలు నిలుస్తాయా అని అడగొచ్చు. ఊరి మహిళా సంఘానికి లెక్కలు చూసే హక్కు, తప్పితే మూయించే హక్కు ఇస్తే నిలుస్తాయి. అలా ఇవ్వలేని ఊళ్ళో పెట్టకపోవడమే మంచిది.

కల్లు మీద కూడా నిషేధం వచ్చినప్పుడు గీతగాడి బతుకు ఎలా తలకిందులైందో కూడా చెప్పుకోవాలి. మద్రాసు రాజ్యంలో 1937లో సేలంలో మొదలైన మద్యనిషేధం 1948 నాటికి కృష్ణా జిల్లాతో సహా అంతటా వచ్చింది. చెట్టు తప్ప మరో ఆస్తి లేని కుటుంబాలు ఒక్క ఉత్తర్వుతో నేరస్థులయ్యాయి. 1953లో ఏర్పడ్డ ఆంధ్ర రాష్ట్రంలో నిషేధం పనిచెయ్యడం లేదని రామమూర్తి కమిటీ చెప్పింది. ప్రకాశం ప్రభుత్వం ఆ సిఫారసుల్ని అమలుచెయ్యలేదు. గీత కార్మికుల పక్షాన గౌతు లచ్చన్న పట్టుబట్టారు. 1954 నవంబరులో అవిశ్వాస తీర్మానం ఒక్క ఓటుతో నెగ్గి ప్రభుత్వం పడిపోయింది. తాటిచెట్టు మీద బతికేవాళ్ళ గోడు ఒక రాష్ట్ర ప్రభుత్వాన్నే దించేసిందని మన పిల్లల పాఠాల్లో ఎక్కడా గట్టిగా చెప్పం. ఈమధ్య దాకా వద్దాం. 2024 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో 3,396 ప్రైవేటు మద్యం దుకాణాలు తెరుచుకున్నాయి. గీత కులాలకు పది శాతం దుకాణాలు కేటాయించారు. వాళ్ళకు రావాల్సిన వాటా వాళ్ళకు రావడం న్యాయమే. కానీ అక్కడ అమ్మేది ఎక్కువగా చెరకుమడ్డి నుంచి తీసిన స్పిరిటుకు రంగూ వాసనా కలిపిన సరుకు. గీతకత్తి పట్టిన చేతికి ఆ దుకాణం పరిహారం అవుతుందేమో గానీ అతని నేర్పుకు అందులో పనిలేదు. ఇంత నేర్పున్న పనికి సర్కారు ఇచ్చిన గౌరవం, దాన్ని వదిలి కౌంటరు వెనక కూర్చోమనడమేనా?

మరొక అభ్యంతరం గీత కుటుంబాల నుంచే వస్తుంది, అది నన్ను ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. కులవృత్తిని ప్రదర్శనకు పెట్టి, చెట్టెక్కే మనిషిని సందర్శకుల ఫోటోలకు బొమ్మను చెయ్యడం మర్యాదా? వాళ్ళ పిల్లలు చదువుకుని ఈ పని వదిలేస్తుంటే మళ్ళీ చెట్టెక్కమనడానికి మనమెవరం? ఎవరినీ ఎక్కమనే హక్కు ఎవరికీ లేదు. చెట్టు మీది నుంచి పడి నడుం విరిగినవాళ్ళు గీత చేసే ప్రతి ఊళ్ళో ఉంటారు. అందుకే డబ్బు ఎవరి చేతికి వెళ్తుందన్న దాని మీదే ఈ ప్రశ్న తేలుతుంది. హోటలువాడు తోపు లీజుకు తీసుకుని, గీతగాడిని రోజుకూలికి పెట్టుకుంటే అది బొమ్మల కొలువే. తోపు, రుచిశాల గీత కార్మికుల సహకార సంఘానివే అయి, సందర్శకుడు ఇచ్చే ప్రవేశ రుసుము నుంచే నడుముకు కట్టే భద్రతా పట్టీలు, బీమా కొంటే, అప్పుడతను చూపిస్తున్నది తన ఆస్తిని. అలాంటిచోట వివరించి చెప్పే పని చెట్టు దిగిన పెద్దవాళ్ళకు, చదువుకున్న పిల్లలకు దొరుకుతుంది. ఎక్కడం మానుకున్న కుటుంబం కూడా వృత్తిలో ఉండొచ్చు.

నీరా పథకాలు ఇదివరకు పెట్టారుగా, ఏమయ్యాయి అని అడిగేవాళ్ళకు ఒక సూటి జవాబుంది. గాంధీజీ కాలం నుంచీ నీరా, తాటిబెల్లం ప్రచారం సాగింది. తెలంగాణ ప్రభుత్వం 2023 మేలో హైదరాబాదు హుస్సేన్‌సాగర్ ఒడ్డున నీరా కేఫ్ తెరిచింది. అది మంచి ప్రయత్నం. కానీ చెట్టున్న చోటి నుంచి రసాన్ని చల్లగా ఉంచి నగరానికి తేవడమే అక్కడ పెద్ద పని, పెద్ద ఖర్చు. సందర్శకుడికి చివరికి దొరికేది గ్లాసు మాత్రమే. డెల్టాలో ఆ ఖర్చు అక్కర్లేదు. కూచిపూడి, ఘంటసాల బౌద్ధ స్థూపం, శ్రీకాకుళాంధ్ర మహావిష్ణువు గుడి, మంగినపూడి సముద్రతీరం చూడటానికి మనుషులు ఎలాగూ ఈ దారిలోనే తిరుగుతున్నారు. పొద్దున్నే ఒక గంట తోపులో ఆగేలా చేస్తే చాలు.

తాటిగీత జనవరి నుంచి మే దాకానే కదా, మిగతా ఏడాది ఖాళీయేగా అని వ్యాపారం తెలిసినవాళ్ళు అంటారు. వేసవిలో ముంజలున్నాయి. శ్రావణ భాద్రపదాల్లో తాటిపళ్ళు, వాటి రసంతో రొట్టె. పళ్ళు తిన్న టెంకల్ని పాతర పెడితే కార్తీకం దాటాక తేగలు, వాటి వెనకే బుర్రగుంజు. బెల్లం ఏడాది పొడుగునా. ఇంత పొడుగు పట్టిక ఏ ద్రాక్షతోటకుంది?

అసలు ప్రమాదం ఖాళీ నెలలది కాదు, ఖాళీ గట్లది. చేపల చెరువులు తవ్వినప్పుడల్లా పాత గట్లతో పాటు చెట్లూ పోతున్నాయి. ఇటుకబట్టీలకు తాటి మొద్దు చవకగా దొరికే కట్టె. 1977 నవంబరు 19 ఉప్పెనలో దివిసీమ కొట్టుకుపోయినప్పుడు తాటిచెట్టును కావిలించుకుని బతికినవాళ్ళున్నారు. అదే సీమలో ఇప్పుడు చెట్టు విలువ లారీ లోడు లెక్కన కడుతున్నారు. ఇవాళ గట్టున పాతిన టెంక గీతకు వచ్చేసరికి పదిహేనేళ్ళయినా అవుతుంది. అందుకని రుచిశాల కట్టకముందే గ్రామ పంచాయతీలు ప్రతి చెట్టుకీ నంబరు వెయ్యాలి, కొట్టాలంటే గీత సంఘం ఒప్పుకోలు తప్పనిసరి చెయ్యాలి, కొట్టిన ప్రతి చెట్టుకీ పది టెంకలు పాతించాలి. ఇందుకు కొత్త భవనమూ అక్కర్లేదు, నిధులూ పెద్దగా అక్కర్లేదు. వచ్చే జనవరిలో గెలలు కట్టేలోపు పెదపారుపూడి మండలంలో చెట్ల లెక్క పూర్తి చెయ్యడం అక్కడి గ్రామ సచివాలయాల సిబ్బందికి చేతనయ్యే పనే.