తీగ పాకం

బూందీ లడ్డూకి పాకం పట్టేటప్పుడు అమ్మ ఒక చుక్క తీసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సాగదీసి చూసేది. తీగ వచ్చిందా, వెంటనే పొయ్యి ఆర్పేది. విశాఖలో ఒక ల్యాబ్‌లో ఆరేళ్లుగా నేను చేస్తున్నదీ ఇంచుమించు అదే. కాకపోతే పొయ్యి బదులు 20,000 వోల్టుల కరెంటు.

దీన్ని ఎలక్ట్రోస్పిన్నింగ్ అంటారు. సిరంజిలో పాలిమర్ ద్రావణం నింపి, సూదికి కరెంటు తగిలిస్తాం. జానెడు లోపు దూరంలో అల్యూమినియం ఫాయిల్ చుట్టిన రేకు ఉంటుంది. సూది మీది చుక్క మొదట గుండ్రంగానే ఉంటుంది, వోల్టేజీ పెరిగేకొద్దీ మొనదేలుతుంది. ఆ మొన లెక్కను 1964లో జి.ఐ. టేలర్ తేల్చాడు. అక్కణ్నుంచి దూకిన ధార కొంచెం దూరం తిన్నగా వెళ్లి, తనలోని ఛార్జి తననే నెట్టేస్తుంటే కొరడాలా చుట్టలు తిరుగుతుంది. తిరుగుతూ సాగుతుంది, సాగుతూ ఆరుతుంది. రేకు చేరేసరికి పోగు మందం 200, 300 నానోమీటర్లు. తల వెంట్రుక 80,000 దాకా ఉంటుంది. పోగు కంటికి ఆనదు. కాసేపయ్యాక ఫాయిల్ మీద విభూతి పూసినట్టు తెల్లగా కనిపిస్తుంది, అంతే.

పాకం లేతదైతే పోగు మధ్యమధ్య పూసలు కడుతుంది. ముదిరితే సూదిలోనే బిగుసుకుంటుంది. మైక్రోస్కోపు కింద ఆ పూసల దండ ముచ్చటగానే ఉంటుంది, మా గైడ్‌గారికే నచ్చదు. పైగా విశాఖ గాలి. శ్రావణంలో ఏసీ ఎంత మొత్తుకున్నా తేమ దిగదు, పోగులు ఆరక ఒకదానికొకటి అతుక్కుంటాయి.

మొదటి ఏడు పాలీవినైల్ ఆల్కహాల్‌తో చక్కటి పొర చేసి, వడపోత చూద్దామని నీళ్లు పోశాను. పొర మాయం! దాన్ని నీళ్లలో కరిగించిందే నేను కదా. అణువుల్ని ఒకదానితో ఒకటి ముడివేస్తే గానీ అది నీటికి నిలవదు.

అసలింత సన్నం ఎందుకు? ఎన్95 మాస్కులో మధ్యపొర పోగులు మైక్రాన్ల లావు. సన్నటి ధూళిని పట్టడంలో సగం బలం వాటిలో ఎక్కించిన ఛార్జిదే. సబ్బుతో ఉతికినా, శానిటైజర్ చల్లినా అది పోతుంది. నానో పోగులు సన్నదనంతోనే ధూళిని పట్టేస్తాయి. జల్లెడ అనుకోకండి, కన్నాలు ధూళికంటే పెద్దవే. గాల్లో తిక్కతిక్కగా తిరిగే రేణువు ఎక్కడో ఒక పోగుకి తగిలి అంటుకుపోతుంది.

ఇది నిన్నమొన్నటి వింత కాదు. 1938లోనే మాస్కో కార్పోవ్ ఇన్‌స్టిట్యూట్‌లో రోజెన్‌బ్లూమ్, పెత్ర్యానోవ్ ఇలా వడపోత గుడ్డ చేశారు. పోగులు ఇప్పటికంటే లావు. 1986లో చెర్నోబిల్ శుభ్రం చేసినవాళ్లు కట్టుకున్న తెల్ల మాస్కు 'లెపెస్తోక్', అంటే పూరేకు, ఆ గుడ్డదే. అమెరికాలో ఆక్రాన్ యూనివర్సిటీ రెనెకర్ బృందం ఈ విద్యకు మళ్లీ ఊపు తెచ్చింది 1990ల్లో.

గాయాల మీద కప్పే పొరల సంగతి వేరు. చర్మంలో కణాలు ఆనుకుని ఉండే కొల్లాజెన్ వల కూడా దాదాపు ఈ మందమే. అందుకే పాలీకాప్రోలాక్టోన్ అనే పాలిమర్‌తో చేసిన పొర మీద కణాలు సొంతింట్లోలా కుదురుకుంటాయి. గాలి ఆడుతుంది, బ్యాక్టీరియా దూరదు, పొర మెల్లగా అరిగిపోతుంది. అయితే ద్రావకం చుక్కైనా మిగల్లేదని ముందు రుజువు చేయాలి.

చిక్కల్లా పరిమాణంతోనే. గంటకు ఒక మిల్లీలీటరు ద్రావణం, అందులో పాలిమర్ పదోవంతు. అంటే గంటకు 0.1 గ్రాము! చెక్ దేశంలోని లిబెరెట్స్‌లో సూదులే మానేసి, ద్రావణంలో తిరిగే రోలర్ మీంచి ఒకేసారి బోలెడు ధారలు లేపే పద్ధతి తెచ్చారు. మా దగ్గర ఒక్కటే సూది.

ఇవాళ ల్యాబ్‌లో తేమ 71 శాతం. సిరంజి నింపలేదు. సూది కడుగుతూ కూర్చున్నాను.