బొగ్గునావ బాడ్జరు

మిషిగన్ పేరునకు సరస్సే గాని, ఒడ్డున నిలిచినవారికి ఆవలి గట్టు కానరాదు. దానిపై లడింగ్టన్, మానిటోవాక్ రేవుల నడుమ రాకపోకలు సాగించిన బాడ్జరను పొగనావ కథను మనవి చేసెదను.

1952లో జలప్రవేశము చేసిన ఈ నావ పొడవు 410 అడుగులు. రైలుపెట్టెలను సరుకుతోనే కడుపులోనికి తీసికొని ఆవలి గట్టునకు చేర్చుటకై దీనిని కట్టిరి. బొగ్గు మంటచే నీరు ఆవిరియగును. ఆ ఆవిరి యంత్రములను త్రిప్పును.

రైలుసరుకు తగ్గి 1990లో నిలిచిపోయినను, 1992లో మోటారుకార్లను, ప్రయాణికులను మోయుచు మరల బయలుదేరెను. అయితే బూడిదను సరస్సులోనే కలుపుచుండిరి. ఆక్షేపణలు చెలరేగగా, 2015 నుండి దానిని నావలోనే నిలువయుంచి గట్టునకు చేర్చసాగిరి. మరుసటి యేట ఈ నావకు జాతీయ చారిత్రక చిహ్నమను గౌరవము లభించెను.

పాత నావను కాపాడుట మంచిదే. దానిని మోయు నీటిని గూడ కాపాడినప్పుడే ఆ గౌరవము సార్థకమని నా తలంపు.