పాత కారులో రేడియో: ఉన్నదే ఉంచాలా, కొత్తది అమర్చాలా?

పాత మోటారు కారును బాగుచేయించుకొనేవారు రంగు, సీట్లు, చక్రాల విషయంలో త్వరగానే ఒక నిర్ణయానికి వస్తారు. చిక్కంతా రేడియో దగ్గర వస్తుంది. 1950 ప్రాంతపు కారులోని రేడియో అసలు పలకకపోవచ్చు. పలికినా గరగర తప్ప మరేమీ వినిపించకపోవచ్చు. దానిని తీసివేసి కొత్త సెట్టు పెట్టాలా? పాతదానినే బాగుచేయించాలా? పైకి ఇది అభిరుచికి సంబంధించిన ప్రశ్నగా కనిపిస్తుంది. కాని దీని సమాధానం చాలావరకు విద్యుచ్ఛాస్త్రంలో ఉంది. ఆ సంగతి తెలియక తొందరపడితే కొత్త సెట్టు కాలిపోవచ్చు. అంతకంటె విచారకరంగా, మళ్ళీ దొరకని పాత వస్తువు పాడైపోవచ్చు.

6 వోల్టుల నుండి 200 వోల్టులు

అమెరికాలో పాల్ గాల్విన్ నడిపిన కంపెనీ 1930లో ‘మోటరోలా’ అనే పేరుతో కారు రేడియోలు అమ్మడం ప్రారంభించింది. ఐరోపాలో 1932లో జర్మనీకి చెందిన బ్లౌపుంక్ట్ కంపెనీ కారు రేడియో తయారుచేసింది. ఆనాటి రేడియోలన్నీ వాల్వులతో పనిచేసేవి. వాల్వులో వేడెక్కిన కాథోడు నుండి ఎలక్ట్రానులు వెలువడతాయి. వాటిని ప్లేటు ఆకర్షించాలంటే దానికి సుమారు 200 వోల్టుల ధన విభవం కావాలి. కాని ఆనాటి అనేక కార్లలో ఉన్నది 6 వోల్టుల బ్యాటరీ. మరి మిగిలిన వోల్టులు ఎక్కడినుండి వస్తాయి?

ట్రాన్స్‌ఫార్మరుతో వోల్టేజిని పెంచవచ్చునని విద్యార్థులందరికీ తెలుసు. అయితే అది మారుతూ ఉండే విద్యుత్తుతోనే పనిచేస్తుంది. బ్యాటరీ ఇచ్చేది ఏకముఖ విద్యుత్తు. ఈ చిక్కును విడదీసిన సాధనమే వైబ్రేటరు. బడిలో చూపించే విద్యుద్ఘంటను గుర్తుచేసుకొంటే దీని పని సులభంగా తెలుస్తుంది. అందులో వలెనే ఇందులోనూ ఒక ఉక్కు రేకు విద్యుదయస్కాంతం వలన ఆడుతూ, సెకనుకు వంద సార్లకు పైగా వలయాన్ని తెంచుతూ కలుపుతూ ఉంటుంది. అట్లా తెగి తెగి వచ్చే విద్యుత్తును ట్రాన్స్‌ఫార్మరు పెంచుతుంది. దానిని మరల ఏకముఖం చేసి ప్లేట్లకు అందిస్తారు. పాత రేడియో స్విచ్చి వేయగానే పాటకంటె ముందుగా వినిపించే సన్నని ఝుంకారం ఈ రేకుదే.

దీనికి అయ్యే ఖర్చు తక్కువ కాదు. 6 వోల్టుల బ్యాటరీ నుండి సెట్టు 6 ఆంపియర్లు తీసుకొంటే, అది 36 వాట్లు. ఇంజను ఆపి చాలాసేపు వింటే బ్యాటరీ నీరసించడం సహజం. 1955లో క్రైస్లర్, ఫిల్కో కంపెనీలు వాల్వులు లేని, పూర్తిగా ట్రాన్సిస్టర్లతో పనిచేసే కారు రేడియోను ప్రకటించాయి. ట్రాన్సిస్టరుకు ఎక్కువ వోల్టులు అక్కరలేదు గనుక వైబ్రేటరు అవసరం తీరిపోయింది.

పాత రేడియో ఏమి వినగలదు?

పాత సెట్లు చాలావరకు మీడియం వేవ్ ప్రసారాలను మాత్రమే అందుకొంటాయి. ఈ పద్ధతిలో తరంగం ఎత్తును మార్చి ధ్వనిని పంపుతారు. ఇంజనులోని స్పార్కు ప్లగ్గు నిప్పురవ్వ కూడా ఒక చిన్న ప్రసార కేంద్రమే. దాని నుండి వెలువడే తరంగాలు వచ్చే తరంగం ఎత్తుతో కలిసిపోయి గరగరగా వినిపిస్తాయి. అందుకే ప్లగ్గుల తీగలలో నిరోధకాలు, డైనమో వద్ద కండెన్సర్లు అమర్చేవారు. ఎఫ్.ఎం. పద్ధతిలో మారేది తరంగం ఎత్తు కాదు, పౌనఃపున్యం. కాబట్టి ఈ బాధ చాలా తక్కువ.

పాత సెట్టు ఎంత బాగున్నా, ప్రసారం లేకపోతే వినడానికేమీ ఉండదు. జర్మనీలో డాయిచ్‌లాండ్‌ఫుంక్ సంస్థ 2015 చివరిలో మీడియం వేవ్ ప్రసారాలను ఆపివేసింది. కొత్తది మాత్రం శాశ్వతమా? నార్వే 2017లో జాతీయ ఎఫ్.ఎం. ప్రసారాలను సైతం ముగించి డిజిటల్ పద్ధతికి మారింది. నేటి సెట్టు కూడా ఒకనాడు పాతదే అవుతుంది.

కొత్త సెట్టు తెచ్చే చిక్కులు

1955 నుండి 1962 వరకు తయారైన బ్రిటిష్ కారు ఎం.జి.ఎ.ను ఉదాహరణగా తీసుకొందాం. ఇందులో బ్యాటరీ ధనధ్రువాన్ని కారు శరీరానికి కలిపారు. నేటి రేడియోలో సెట్టు లోహపు పెట్టె ఋణధ్రువం. మామూలుగా కలిపితే విద్యుత్తు తలక్రిందులుగా ప్రవహిస్తుంది. తీగలను మార్చి కలిపినా, పెట్టె కారు లోహానికి తగిలితే రెండు ధ్రువాలూ ఒకటై షార్ట్ అవుతుంది.

లౌడ్‌స్పీకరు సంగతి మరొకటి. పాత కార్లలో దాని ఒక కొనను తరచు కారు శరీరానికే కలిపేవారు. నేటి సెట్లు చాలావాటిలో రెండు కొనలకూ ఆంప్లిఫయరు ఉంటుంది. ఏ కొన లోహానికి తగిలినా సెట్టు చెడవచ్చు. ఇవి గాక, కొత్త సెట్టు ఆపి ఉన్నప్పుడు కూడా గడియారం కోసం కొంత విద్యుత్తు తీసుకొంటుంది. అది 10 మిల్లీ ఆంపియర్లే అనుకొన్నా, 30 రోజులకు 7.2 ఆంపియర్-గంటలవుతుంది. నెలల తరబడి షెడ్డులో నిలిచే కారుకు ఇది చిన్న విషయం కాదు.

అన్నిటికంటె ముఖ్యమైనది డాష్‌బోర్డు. పాత రేడియోకు రెండు గుండ్రని రంధ్రాలు, నడుమ డయలుకు ఒక కిటికీ చాలు. నేటి సెట్టుకు సుమారు 182 మిల్లీమీటర్ల వెడల్పు, 53 మిల్లీమీటర్ల ఎత్తు గల దీర్ఘచతురస్రం కావాలి. ఇందుకోసం కోసిన ఇనుప రేకు మరల అతకదు.

మధ్యే మార్గం

కనుక అనుభవజ్ఞులు ఒక సూత్రాన్ని పాటిస్తారు: ఏ మార్పు చేసినా వెనుకకు తీయడానికి వీలుండాలి. డాష్‌బోర్డు ముఖాన్ని కోయకుండా, కొత్త సెట్టును సీటు క్రిందనో, గ్లవ్ పెట్టెలోనో దాచవచ్చు. లేదా పాత పెట్టె, డయలు, మీటలు అట్లాగే ఉంచి లోపల కొత్త వలయాన్ని అమర్చవచ్చు. అప్పుడు తీసిన భాగాలను జాగ్రత్తగా భద్రపరచాలి. అసలు సెట్టునే పలికించదలచినవారు ముందుగా కాగితపు కండెన్సర్లను, ముఖ్యంగా ట్రాన్స్‌ఫార్మరుకు అడ్డంగా ఉండే బఫర్ కండెన్సరును మార్పించాలి. అది చెడితే వైబ్రేటరు, ట్రాన్స్‌ఫార్మరు రెండూ పాడవుతాయి. వైబ్రేటరుకు బదులుగా అదే సాకెట్టులో ఇమిడే ట్రాన్సిస్టరు సాధనాలు కూడా ఉన్నాయి.

ఒక హెచ్చరిక అవసరం. బ్యాటరీ 6 వోల్టులదే కదా అని విద్యార్థులెవరూ పనిచేస్తున్న పాత సెట్టును విప్పరాదు. లోపల ఉన్నది 200 వోల్టులు, అది ప్రాణాపాయకరం.

రోజూ తిరిగే కారులో వార్తలు, పాటలు వినడమే కావలసినవారికి కొత్త సెట్టే అనుకూలం. కాని ఇంకా కోయని డాష్‌బోర్డులో తన చోటనే ఉన్న పాత రేడియో ఒక పాఠ్యపుస్తకం వంటిది. విద్యుద్ఘంట, ట్రాన్స్‌ఫార్మరు, వాల్వు, తరంగం ఒకే పెట్టెలో కలిసి పనిచేయడం అందులో చూడవచ్చు. కొత్త సెట్టును ఎప్పుడైనా కొనవచ్చు. కోసివేసిన డాష్‌బోర్డును కొనగల దుకాణం దొరకడం కష్టం.