ఇనుపచిట్టెముతో నింటిగోడ



శ్రీశైలయాత్ర చేసినవారు అచ్చటి రాతిప్రాకారమును చూచియేయుందురు. సిమెంటు రాకపూర్వము మన పెద్దలు సున్నమును ఇసుకతో గానుగలో నూఱి, కరకకాయనీరును, బెల్లపునీరును చేర్చి కట్టడములు కట్టెడివారు. నేడు ఇల్లు కట్టవలెనన్న సిమెంటే మొదటిమాట.

మన కర్నూలు, కడప సీమలలో సున్నపురాయి విస్తారము. అందుచేతనే ఇచ్చట సిమెంటు కర్మాగారములు వెలసినవి. ఆ రాతిని సుమారు 1450 డిగ్రీల వేడిమిలో కాల్తురు. స్వచ్ఛమైన సున్నపురాయి 100 కిలోలు కాల్చిన 44 కిలోల బొగ్గుపులుసు వాయువు గాలిలో కలియును. బొగ్గు మండుటవలన పుట్టునది దీనికి అదనము. త్రవ్విన కొండ తిరిగి మొలవదు. కనుక వేఱు మార్గము వెదకుట అవసరమైనది.

ఇనుమును కరగించునపుడు పైకి తేలు మడ్డినే చిట్టెమందురు. బళ్లారి జిల్లా తోరణగల్లు ఉక్కు కర్మాగారపు చిట్టెము, నంద్యాల జిల్లా గడివేముల మండలమందలి బిలకలగూడూరునకు వచ్చి పొడియగుచున్నది. ముదురుపాకమును చన్నీటిలో వేసిన గాజువలె పెళుసగుటయు, మెల్లగా చల్లార్చిన పలుకుగట్టుటయు మీరెఱుగుదురు. చిట్టెమును అంతియే. నీటితో తటాలున చల్లార్చినదానికే బంధకశక్తి కలదు. మెల్లగా చల్లారినది వట్టి రాయి.

అయినను ఆ పొడి నీటిలో తనంతట గట్టిపడుట మిక్కిలి మందము. పాలకు తోడువలె దీనికిని తోడు కావలెను. సున్నము తోడైన గట్టిపడునని 1862లో జర్మనీయుడు ఎమిల్ లాంగెన్ కనుగొనెను. క్షారములను చేర్చి 1940లో బెల్జియమునందు పర్డన్, 1957లో కీవు నగరమున గ్లుఖోవ్‌స్కీ సిమెంటులేని బంధకములను గూర్చి పరిశోధించిరి.

ఇందు రెండు మెలకువలు వలయును. అంగడిలోని స్లాగు సిమెంటు పూర్తిగా సిమెంటులేనిది కాదు. భారతీయ ప్రమాణము ననుసరించి అందు చిట్టెము నూటికి 25 మొదలు 70 పాళ్లు మాత్రమే. మఱియు ఇనుమును ఉక్కుగా మార్చునపుడు వచ్చు చిట్టెము వేఱు. అందు విడిసున్నము మిగిలియుండుటచే తడి తగిలిన ఉబ్బి గోడను పగులగొట్టును. దానిని చాలకాలము నీటితోనో ఆవిరితోనో మాగబెట్టిన పిదపనే వాడదగును.

అన్నిటికంటె ముఖ్యమైన మాట యొకటి. తోడుగా కలుపు దాహకసోడా చర్మమును, కన్నులను కాల్చివేయును. మన సీమలో తట్టలు మోసి అడుసు అందించువారిలో స్త్రీలెందఱో కలరు. కావున ఇది వంటింటి ప్రయోగము కాదు. ఇల్లు కట్టించు గృహిణి ఈ క్రొత్త బంధకమును ఎన్నుకొనినచో, 28 దినముల బలపరీక్ష జరిగినదా యని ఇంజనీరును అడుగవలెను. కూలికి వచ్చిన ఆడపడుచులకు చేతితొడుగులును, కంటి అద్దములును ఇచ్చిరా యనియు అడుగవలెను.

కొండను కాపాడు గోడ, దానిని కట్టు చేతులను కాల్చరాదు గదా!